ఉత్తర్వు ఏదీ?

2020 ఏప్రిల్. కరోనా లాక్‌డౌన్‌లో ఆడవాళ్ళకో రోజు, మగవాళ్ళకో రోజు అని రూలు పెట్టిన లిమా నగరంలో, మగవాళ్ళు మాత్రమే బయటికి రాదగిన బుధవారం. ఇంటి ముందుగదిలోనే సెలూన్ నడుపుకునే దోమితిల, ఆమె తండ్రి ఫాకుందో దించిన షట్టరు వెనక నిలబడి ఉన్నారు. బయట మునిసిపాలిటీ చొక్కా వేసుకున్న మనిషి.

“చప్పుడు చెయ్యకు నాన్నా. ఎవరూ లేరనుకుని పోతాడు.”

“పోడే. ఇది మూడోసారి కొట్టడం.”

“దోమితిలగారూ, లోపలున్నారని తెలుసు. కాస్త షట్టరు దగ్గరికి రండి.”

“ఎవరు మీరు?”

“మునిసిపాలిటీలో పనిచేస్తాను. నా పేరు అర్తెమియో.”

“నెల్రోజులై షాపు మూసే ఉందండీ. కత్తెర పట్టి ఎన్నాళ్ళయిందో.”

“దాని గురించి కాదు...”

“ఎందుకు కాదు? మొన్న మూలమీద చెప్పుల షాపుకి సీలేశారు. లైసెన్సు పోయి ఆవిడ పిల్లలతో వీధిన పడింది. నాకు భయంగా ఉంది, అయినా చెప్తున్నాను వినండి. మా పిన్ని కూతురు బెత్సబే లా చదువుతోంది. షాపు మూయించాలంటే రాతలో ఉత్తర్వుండాలట. నా పేరు, నేను తప్పిన రూలు, కింద సంతకం. నాకో కాపీ. దానిమీద అప్పీలు చేసుకునే హక్కుంది నాకు.”

“ఉందమ్మా. ఎవరు కాదన్నారు?”

“పైగా ఇది ఇల్లు. జడ్జి కాయితం లేకుండా గడప తొక్కడానికి వీల్లేదు.”

“నేను లోపలికి రాను. కొంచెం మెల్లగా మాట్లాడండి, బండిలో మావాళ్ళున్నారు.”

“వాళ్ళు వినకూడదా? ఓహో. చెయ్యి తడపమంటావన్నమాట.”

“ఏదో ఇచ్చి పంపెయ్యవే దోమీ.”

“నువ్వూరుకో నాన్నా. ఏమయ్యా, ఉత్తర్వు తెచ్చావా లేదా? తెస్తే షట్టరు కిందనుంచి తొయ్యి.”

“తేలేదు.”

“విన్నావా నాన్నా, లేదట. మరి ఏ అధికారంతో తలుపు కొడుతున్నట్టు?”

“ఏ అధికారమూ లేదమ్మా. సోమవారం మీ దగ్గర ఒకావిడ జుట్టు కత్తిరించుకుంది. ఆకుపచ్చ స్వెట్టరు.”

“ఎవరూ రాలేదు. సోమవారం మగాళ్ళ రోజు. ఆడది బయట కనపడితే పట్టుకుపోరూ?”

“వచ్చింది. వెనక సందులోంచి వచ్చింది.”

“రాలేదంటుంటే. సాక్ష్యం ఉందా?”

“ఆవిడేనా దోమీ? భలే మాటకారి. ఎంత నవ్వించిందని నన్ను.”

“నాన్నా, నీ నోట్లో మన్ను. అయ్యా, ఆయన ముసలాయన, మతి నిలకడ లేదు.”

“గంటసేపు ఆయన పక్కనే కూర్చుందట. ఇద్దరూ మాస్కులు తీసి టీ తాగారట.”

“ఆ మాట నీకెవరు చెప్పారు?”

“ఆవిడే. నా భార్య. నిన్న ఆసుపత్రిలో చేర్చాను. ఊపిరాడక ఆగి ఆగి ఒకటే మాట చెప్పింది, ఆ పెద్దాయనకు చెప్పిరా, చూపించుకోమను, అని. నా భార్యే సోమవారం బయటికొచ్చిందని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు, అందుకే మెల్లగా అన్నాను.”

“అయ్యో. ఎలా ఉందిప్పుడు? ఉండండి, షట్టరు ఎత్తుతాను.”

“ఎత్తకండమ్మా. పొద్దున పోయింది. మొన్నటిదాకా నేను పడుకున్నదీ ఆమె పక్కనే.”