లీదియా గారి పేరు మీద నేర్చుకున్న తెర

పందొమ్మిది వందల డెబ్బై ఐదు జూన్ రెండవ తేదీన ఇబ్రహీంపట్నంలోని మన కరుణోదయ ఆసుపత్రి నమోదు కిటికీ వద్ద బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి లీదియా గారు, ముప్పై నాలుగు వసంతాల నిరంతర సేవానంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేయుచున్నారు. కందుకూరు మొదలు మంచాల దాకా వారి చేత చీటీ రాయించుకోని ఇల్లు అరుదు. రోగులను కసరడమూ, కసిరిన మరుక్షణమే మంచినీళ్లు ఇప్పించడమూ వారికి సహజగుణాలు.

చుట్టుపక్కల భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజుల్లో ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చింది. దానిని వారు నెల తిరక్కుండా లొంగదీసుకున్నారు. అయితే రెండు వేల ఆరులో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ తానే వారిని చదవనారంభించింది. తరచుగా నొక్కే బటన్లను పైకి తెచ్చి, తక్కినవి లోపల దాచేది. పొద్దున ఉన్నది మధ్యాహ్నానికి కనబడక లీదియా గారికి తల ప్రాణం తోకకొచ్చేది. కిటికీలో మా ముగ్గురిలో ఎవరు కూర్చున్నా లీదియా గారి పేరుతోనే కంప్యూటర్ తెరిచి పని చేయడం మన ఆనవాయితీ కదా! ముగ్గురి అలవాట్లూ ఒక్కరివే అనుకొని, అది లోకంలో లేని మనిషిని నేర్చుకుంది.

ఆ ఏడు కంటి శిబిరం ముగిసిన మరునాడు, మంచాల నుంచి మాణిక్యమ్మ అనే కూలీని చేతి మీద పాము కరిచిందని ఆటోలో తెచ్చారు. 'అత్యవసరం' బటన్ నొక్కితేనే వైద్యుల గదిలో గంట మోగుతుంది. శిబిరంలో పదేపదే నొక్కినందున తెర నిండా కంటి విభాగమే!

"గీడనే ఉండె గదా, యాడికి పోయింది?" అంటూ లీదియా గారు వెతుకుతూనే ఉన్నారు. ఇంతలో వాచిన చేయి ఒకటి కిటికీలోంచి వచ్చి వారి మోచేతిని పట్టుకుంది. వారు దిగ్గున లేచి, "డాక్టర్ సారూ, జల్ది రాండ్రి!" అని కేకలు వేస్తూ పరుగెత్తారు. మాణిక్యమ్మ బతికింది.

మరునాడు సాఫ్ట్‌వేర్ రూపకర్త రత్నాకర్ గారు మాదాపూర్ నుంచి వచ్చి, "ఎక్కువ వాడేదే ముఖ్యమనుకున్నాం మేడం. ఎప్పుడో ఒకసారి వాడేదాని సంగతి మాకూ తోచలేదు" అన్నారు.

"నాకేం తెలుసు బిడ్డా? నేనే మరిచిపోయిన్నేమో అనుకున్న."

ఆ బటన్‌ను ఒకేచోట కదలకుండా నిలిపారు. మా ముగ్గురికీ వేర్వేరు పేర్లిచ్చారు. కానీ తప్పు తెరదా, తనదా అన్న సందిగ్ధం మాత్రం లీదియా గారిని వీడలేదు.

గతవారం కిటికీ వద్దకు ఒక స్త్రీ వచ్చి నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? యాడనో చూసినట్టుంది."

"నా మొఖం నువ్వెప్పుడు చూసినవక్కా? గా దినం కంప్యూటర్ డబ్బా దిక్కే చూస్తివి," అంటూ మాణిక్యమ్మ నవ్వి, చేయి లోపలికి చాచింది.

లీదియా గారు ఆ చేతిని తడిమి చూసి, రెండు చేతులతో పట్టుకొని, అందరూ చూస్తుండగా ఏడ్చేశారు.

ఇకపై ఏ తెరా అడ్డం లేకుండా, మీర్‌పేట్‌లోని స్వగృహంలో వచ్చినవారి ముఖాలు తనివితీరా చూసుకుంటూ, వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.

— వినోద్ కుమార్, నమోదు విభాగం