అంజలి పరుగు, నా దడ

"మామ్మా, అంజలక్క పరుగు మొదలుపెట్టినప్పుడు నువ్వే వద్దన్నావంట గదా?"

వద్దనటమేంది, ఒట్టేయించుకున్నా! ఇట్టా కూర్చో శ్రావణీ. ఫోన్లో రికార్డు చేసుకుంటే చేసుకో. మీరు పుట్టకముందు ఈ పక్క ఊళ్ళల్లో మడిసి పరిగెత్తాడంటే ఎనకమాల కత్తులున్నట్టే. పార్టీలు, గొడవలు. మా పుట్టినూళ్ళో మా పెద్దన్న... కాదు కాదు, నడిపన్న, పెద్దన్న అప్పటికి మాచర్లలో లారీ మీదున్నాడు... నడిపన్న అట్టానే బజారెంట పరిగెత్తుకుంటా వచ్చి మా గడపలో పడ్డాడు. పోయాడు. నాకప్పుడు నీ ఈడు. ఆ అడుగుల చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అట్టాంటిది, నా మనవరాలు అంజలి, తొమ్మిదో తరగతిలో ఉండంగా, ఒకరోజు తెల్లారగట్ట ఈ బజారెంట పరుగు తీసింది. డ్రిల్లు మాస్టారు చెప్పాడంట. ఏమైందనుకున్నావ్? దడదడా తలుపులన్నీ ఏసేశారు! ఎదురింటి కోటయ్య గొడ్డలి పట్టుకొని బయటికొచ్చాడు, పంచె జారిపోతా. "ఎవరే తల్లీ, ఎంతమంది?" అంటాడు. ఇదేమో "ఎవరూ లేరు తాతా, ప్రాక్టీసు" అంటది. నవ్వబాక. ఆ సాయంత్రమే ఒట్టేయించుకున్నా. వింటదా? చేలోకి పోతున్నానని చెప్పి డొంకదారిలో పరిగెత్తేది.

తర్వాత జిల్లా పోటీలంది, గుంటూరంది, కప్పులు తెచ్చింది. బూట్లు కొనుక్కుంది. వాటి రేటుకి మా రోజుల్లో పాడిగేదె వచ్చేది, దూడతో సహా! నేను మాత్రం ఒక్క పోటీకీ పోలా. భయం.

పోయినేడు హైదరాబాదులో మారథాను. నలభై రెండు కిలోమీటర్లంట. ఇంచుమించు ఇక్కణ్ణుంచి వినుకొండ పోయి మళ్ళా రావటమే గదా! వాళ్ళ నాన్న నన్ను బలవంతాన తీసకపోయి, పరుగు ముగిసేచోట తాడు కాడ నిలబెట్టాడు. వస్తన్నారమ్మా, మందలు మందలుగా. నేను వాళ్ళ మొహాలు చూడలా. వాళ్ళ ఎనకమాల చూస్తన్నా, ఎవరు తరుముతున్నారా అని. ఎవరూ లేరు. నీళ్ళ సీసాలిచ్చే పిల్లలే ఉన్నారు.

అందరూ వస్తన్నారు, అంజలి రాదే! ఎండెక్కింది. దోవలో యాడో పడిపోయుంటదనుకున్నా. అప్పుడు కనపడింది, కుంటుకుంటా. బూటు మీద నెత్తురు. పెదాలు తెల్లంగా అయిపోయినయ్. వాళ్ళ నాన్న "చాల్లే తల్లీ, ఆగు" అని ఏడుస్తన్నాడు. అది నా వంక చూసింది. ఆ మాట ఎట్టా వచ్చిందో నాకు తెలవదు. తాడు పట్టుకొని గొంతు చించుకొని అరిచా, "పరిగెత్తవే! పరిగెత్తు!" అని.

పరిగెత్తింది. గీత దాటొచ్చి నా మీద వాలింది. దాని గుండె కొట్టుకుంటం నా రొమ్ముకి తెలుస్తంది. బతికే ఉంది నా తల్లి.

భయం పోయిందా అంటావా? పోలా. ఇప్పటికీ అది బయలుదేరితే, తిరిగొచ్చిందాకా అరుగు మీదే కూర్చుంటా. నువ్వూ రేపట్నుంచి దాంతో పరుగుకి పోతావంటగా, మీ అమ్మ చెప్పిందిలే. పో తల్లీ. ఎవరూ తరమకుండా, మీ అంతట మీరు పరిగెత్తే రోజులే మీకు రావాల. చల్లంగా ఉండండి...