తాబేలు తాతగారి ముప్పై ఆరేళ్ల జవాబులు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీన మా పిల్లల మాసపత్రిక కార్యాలయంలో సహాయకులుగా చేరిన మా సహోద్యోగి ఒకరు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన వారానికే పాఠకుల ఉత్తరాలకు ‘తాబేలు తాత’ పేరిట జవాబులు రాసే బాధ్యత వారిపై పడింది. ఇరవై నాలుగేళ్లకే, పెళ్లీ పెటాకులూ లేకుండానే, వేలమందికి తాతయిన ఘనత వారిది.

వారి పద్ధతి వారిదే. ప్రతి ఉత్తరానికీ మూడు రోజుల్లో, స్వహస్తాలతో జవాబు వెళ్లాలి. ముందు నవ్వించాలి, నీతి చెప్పినట్టు ఉండరాదు. పరుగుపందెంలో ఆఖరున వచ్చానని ఏడ్చిన బాలుడికి, “ఎవరి చొక్కా వెనకాల చిరిగిందో నీ ఒక్కడికే తెలుసు, గుట్టుగా ఉంచు” అని రాశారు. ఆ తాత ఎవరో పిల్లలకు చెప్పకూడదన్నది పత్రిక నియమం. అందువల్ల వారి పేరిట ఒక్క ఉత్తరమూ రాలేదు, ఇక్కడా వారి పేరు రాయడం లేదు.

నేను పదిహేడేళ్ల క్రితం ప్రూఫులు దిద్దే పనిలో చేరి, వారి పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. తల్లిగారు కాలం చేశాక వారు ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారని మాకందరికీ తెలుసు. ఆ రోజుల్లోనే ఒక ఎనిమిదేళ్ల పాప ఉత్తరం వారి బల్లపై పదకొండు రోజులు ఉండిపోయింది. “తాతా, నీ డిప్ప ఇంట్లో నువ్వొక్కడివే పడతావు కదా, బెంగగా ఉండదా?” అని ఉంది అందులో.

“ఇంకా పంపలేదేంటండీ?” అని అడిగాను.

“జవాబు తెలుసమ్మా. రాయబుద్ధి కావట్లేదు.”

మర్నాడు రాశారు: “ఉంటుంది తల్లీ. అందుకే ఎవరైనా పిలిస్తే నా మెడ అంత పొడుగు సాగుతుంది.”

అది చదివి నేను నవ్వి, నా ప్రూఫులు నేను దిద్దుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆనాడూ ఆ తరువాతా ఒక్కసారైనా వారిని మా ఇంటికి పిలవలేదు. కిటికీ పక్కన ఒంటరిగా క్యారియర్ విప్పుకొనే మనిషిని చూసి, అది వారి స్వభావమని సరిపెట్టుకున్నాం.

వచ్చే నెల నుండి ఆ ఉత్తరాలు నా బల్లకు వస్తాయి, వారికి రావు. సంచిక పని ముగిశాక మొన్న, “మరి నాకెలా పొద్దుపోతుందో చూడాలి” అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

వారు ఆయురారోగ్యాలతో, చేతి వణుకు లేని అక్షరంతో చిరకాలం వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. నోటితో పిలిస్తే “చూద్దాంలే అమ్మా” అని తప్పించుకుంటారు గనుక అచ్చులో పిలుస్తున్నాను: మీ విరమణ తరువాత వచ్చే తొలి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి రండి. నియమం తప్పి మా అమ్మాయికి మీరెవరో చెప్పేశాను. పొద్దుటి నుంచే గుమ్మంలో కూర్చుంటుందట. ఆలస్యమైనా పర్వాలేదు, తాబేలే కదా అంటోంది.