ఎక్కాల రామాంజులు సారు

ఏమప్పా ప్రణీత్ సారూ, ట్రైనింగు అయిపోయిందా? మూడు దినాలు అనంతపురంలో ఫ్యాను కింద కూచోబెట్టి, పిల్లోల్లను బాధపెట్టగూడదు, అందరినీ కలిపి కూచోబెట్టాల అని చెప్పినారంటనే. మంచిది. మాకు ఇంతకాలం తెలీకపాయె. కూచో, కూచో, తొందరేముండాది. నీకంటే ముందు ఈ బడిలో రామాంజులు సారని ఒగాయన ఉండె. రెండువేల రెండో, మూడో, వానల్లేక శెనక్కాయ చేలు మాడిపోయిన యేడు. ఏ యేడు మాడలేదంటావా, అదీ నిజమే. సన్నగా పుల్ల మాదిరి మనిషి. గొంతు ల్యాదు, బెత్తం ల్యాదు. బెత్తం లేని అయ్యవారు ఏమి అయ్యవారప్పా అని మేము నవ్వుకుంటాంటిమి. అప్పుడు బడి కమిటీకి చైర్మన్ను నేనే. చదువా? నాకెందుకప్పా చదువు, చైర్మన్ను గదా.

మారెమ్మని కూలికి పొయ్యే ఆమె ఉండె. ఆమె బిడ్డ బయమ్మ, రెండో తరగతి. ఆ పాపకు మూర్ఛ. ఉన్నట్టుండి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేది. మన ఊర్లో అందరూ డాక్టర్లే గదా, గాలి సోకిందని ఒగరు, అంటుకుంటాదని ఒగరు. అంటుకునేదైతే మొదట మారెమ్మకు అంటుకోవాల గదా అని ఎవురికీ తోచలే, నాగ్గూడా. మా ఇంటామె సుబ్బరత్నమ్మ అయితే, మన మనవరాలు ప్రసూన ఆ పాప పక్కన కూచుంటే నేను బాయిలో పడతా అనె. బాయిలో నీళ్లుంటే గదా పడేకి. సరే, ఆ పాపను బడికి రావద్దని చెప్పేకి తువ్వాలు భుజానేసుకుని నేనే పోతి.

బడి గడపలో కాలు పెడితినో లేదో, ఆ పాప పడె. నేను బిత్తరపోయి మొలతాడుకుండే తాళాల గుత్తి పీక్కోని, దాని చేతిలో పెట్టేకి ఉరికితి. మన కాడ అదే గదా వైద్యం, ఇనుము పెడితే లేస్తారని. ఆ సారు కుర్చీలో నుంచి లేచినాడా? లేవలే. పిల్లోల్లే లేచిరి. ఒగడు పలకలు పక్కకు జరిపె, ఒగ పాప సంచి తెచ్చి తల కింద పెట్టె, ఇద్దరు బయమ్మను మెల్లగా పక్కకు తిప్పిరి. మిగిలినోళ్లంతా రెండో ఎక్కం ఎత్తుకునిరి. నాకు ఒళ్లు మండె. పాప ప్రాణం పోతాంటే పాటలేందిరా అంటి. మా ప్రసూన, మోకాలెత్తు లేదు, నాకు చెప్తాది: "తాతా, తాళాలు వద్దు. ఏడో ఎక్కం లోపల లేస్తాది. పదమూడు దాటితే ఆటో పిలవాల." నిజంగానే ఆరో ఎక్కానికి కదిలె. కొంచేపు అట్లే పడుకోని, లేచి మూతి తుడుచుకోని, యాడికొచ్చినారు అని అడిగి తానూ అందుకునె. ఒగరు నవ్వలే, ఒగరు బెదరలే. తుమ్ము వచ్చి పోయినట్ల. సారే పెద్దాసుపత్రికి పోయి, డాక్టరును అడిగొచ్చి, పిల్లోల్లకు నేర్పించినాడంట, గడియారం బదులు ఎక్కాలతో లెక్క పెట్టేది గూడా.

నాకు సంతోషం గావాల గదా? కాలే. అంతమంది ముందర చైర్మన్ను తాళాలు పట్టుకోని గుడ్లు మిటకరించినానే, అది గుచ్చుకునె. అర్జీ రాపిస్తి. సారు పాఠాలు చెప్పడు, పిల్లోల్లతో ఆస్పత్రి పనులు చేపిస్తాండాడు అని. రాసేకి రాకపోయినా వేలిముద్ర బాగా పడతాది నాది. మూడు నెలలకు సారును ముదిగుబ్బ పక్కకు బదిలీ ఏసినారు. పొయ్యే దినం మా ఇంటికొచ్చె. తిట్టేకి వచ్చినాడనుకుంటి. "నరసింహప్పన్నా, బయమ్మను మాత్రం బడి మాన్పియ్యొద్దు. పిల్లోల్లకు అంతా తెలుసు, మీరేమీ చేయబన్లేదు" అనె. అంతే. సరేలేప్పా, నేనుండా గదా అంటి. కొత్తగా వచ్చిన అయ్యవారు తనకు భయమని చెప్పి ఆ పాపను వరండాలో కూచోబెట్టె, పిల్లోల్లను దగ్గరికి పోనియ్యలే. నన్ను అడిగినాడు గూడా, ఏమంటారు చైర్మన్ గారూ అని. నీ ఇష్టమప్పా అంటి. నాలుగు దినాలు ఆడ ఒగతే కూచునె. ఐదో దినం రాలే.

రెండేళ్లకు గొర్రెల కోసరం ముదిగుబ్బ పోయింటి. సారు కనపడె. కామెర్లంట, కండ్లు పచ్చగా ఉండాయి. ఎవురు అర్జీ పెట్టినారో తెలుసు ఆయనకు. అయినా వచ్చి నా చెయ్యి పట్టుకునె. "బయమ్మ ఎన్నో తరగతన్నా ఇప్పుడు?" అనె. నా నోట్లో ఏం పుట్టెనో, నాలుగప్పా, బాగా చదువుతాండాది అంటి. ఆ మనిషి మొకం చూడాల నువ్వు. వద్దన్నా వినకుండా పిలుచుకోని పోయి టీ ఇప్పించె నాకు. ఆ యేడే పోయినాడు. తాగినానప్పా ఆ టీ, సిగ్గు లేకుండా కడాకు తాగినా. ఆ పొద్దు ఆ పాప యాడుండాదనుకున్నావు? నా శెనక్కాయ చేన్లో, వాళ్లమ్మ పక్కన, కలుపు తీస్తాండాది.