కార్బన్ గొట్టమా, అల్మీనం గొట్టమా

గట్ల తలకాయ కిందికేసుకొని కూసుంటే ఎట్ల జహూరన్నా? కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాక బస్సుల నిలబడి వచ్చినవు, మూరెడు కాయితం రాసుకొచ్చినవు, ఇగ మాట్లాడుడు నా వంతా? మాట్లాడుత. నాకు మాటలు కరువా? నా కోడలి నోట్ల కట్టెకు బొక్కలు కొట్టే బర్మా ఉన్నదని మా అత్త ఊరంత చెప్పుకుంట తిరుగుతది.

మా ఆయన లేడు. మా మరిది కొడుకు అభిలాష్ ఎంబడి కంటి దవాఖానకు పోయిండు. సాయంత్రం దాక రాడు. ఆ కంటికి ఇగ చూపు రాదని డాక్టర్ చెప్పి మూడు నెలలాయె. అయినా పోతనే ఉంటడు. నేనేమంట? పో అంట.

ఏదీ, ఆ కాయితం ఇటియ్యి.

"మస్కట్‌లోని మన కంపెనీ మేనేజర్ గారికి, స్టోర్ కీపర్ జహూర్ రాయునది. లింగంకు ఇచ్చిన చేపల తుపాకి చెడిపోయినదని తెలిసి కూడా నేనే ఇచ్చినాను..."

ఆగు. తెలిసి కూడనా? నీకు తెలుసా? తెల్వదు! మరెందుకు రాసినవు? గిట్ల రాస్తే కంపెనీ లింగంకు నష్టపరిహారం ఇస్తదనా? ఈ సెలవులు అయిపోకముందే నిన్ను నౌకరీల నుంచి పీకేస్తది, అది ఎరుకేనా? ఎరుకే అంటున్నవు. శాన మంచోనివి. మంచోళ్లను చూస్తె నాకు ఒళ్లు మండుతది అన్నా.

ఊరోళ్లు తుపాకి పేలింది, తుపాకి పేలింది అంటరు. ఏం తుపాకి? మందు లేదు, గుండు లేదు. ఒక పొడుగు గొట్టం, ముందట మూతి, మూతికి రబ్బరు. రబ్బరు గుంజి కొక్కానికి తగిలియ్యాలె. మీట నొక్కంగనే ఉక్కు చువ్వ పోయి చేపల దిగుతది. సముద్రంల మునిగి చేపను ఎతికి ఎతికి కొట్టుడు, బలిసినోళ్ల షోకు. వాళ్లను పడవల తీస్కపోయి ఎక్కడ మునగాల్నో చూపెట్టేటోడు మా ఆయన. నిజాంసాగర్ నీళ్లల్ల తెప్ప మీద పెరిగినోడు. ఊపిరి బిగవట్టి మునిగితే ఒడ్డున నిలబడ్డ నాకు ఊపిరాడకపోతుండె. నువ్వే కద తీస్కపోయింది? లింగం సముద్రం చూడాలె చెల్లె, అన్నవు. చూసిండు. రెండు కండ్లతోని పోయి ఒక కంటితోని వచ్చిండు.

లేదు, తిడుత లేను. నేను తిడితే గిట్లుంటదా?

ఆ దినం మతికి చేసుకో. కంపెనీ పాత తుపాకులు తీసేసింది, ఎవరిది వాళ్లే ఎంచుకోండి అన్నది. నువ్వు రెండు రకాలు బల్ల మీద పెట్టినవు. ఒకటి కార్బన్ గొట్టం, నల్లగ, తేలికగ. ఇంకోటి అల్మీనం గొట్టం. కార్బన్ తీస్కో లింగం, అన్నవు. అన్నవా లేదా? మరి కన్ను పోయిన ఈ నాలుగు నెలల సంది ఆ ముక్క ఎవ్వలకన్న చెప్పినవా? మా అత్త పోచవ్వ కామారెడ్డి పోయి మీ యాస్మీన్ గాజుల దుకాణం ముందట దుమ్మెత్తి పోసింది. "నీ మొగడు నా కొడుకు కన్ను మింగిండు" అన్నది. గాజులు ఏయించుకుంటున్న ఆడోళ్లు చేతులు గుంజుకొని లేచి పోయిన్రు. యాస్మీన్ కిందవడ్డ గాజుపెంకులు ఊడ్చుకున్నది.

నాకెట్ల ఎరుకంటవా? పక్కనే ఉన్న. మా అత్త సంచి పట్టుకొని నిలబడ్డ.

ఇగ విను. రెండిట్ల ఏది తీస్కోవాలె అని ఆయన నాకు ఫోన్ చేసిండు. ఔ, నాకే. ఏడు చదివినదాన్ని, గని పొట్లం కట్టిన పేపరైనా విప్పి చదివినంకనే పారేస్త. ఇంగ్లీషైతే ఒక్కో మాటకు డిక్షనరీ తిప్పుత. ఎల్లారెడ్డిల పొయ్యి ముందట కూసొని మస్కట్ తుపాకి గురించి ఫోన్ల నాలుగు దినాలు చదివిన. అన్నం మాడింది. మా అత్త నన్ను మాడ్చింది.

కార్బన్ మంచిదే. నీళ్లల్ల చేతికి బరువు తెల్వది, ఎంత గుంజినా వంగది. గని రాయికి తాకితే పైకి ఏం కనిపియ్యకుంట లోపల్లోపల చీలుతది. ఒక్కనాడు పుటుక్కుమంటది. అల్మీనం గట్ల కాదు, సొట్ట పడితే కండ్లకు కనిపిస్తది. మా ఆయన సంగతి నీకు తెల్వదా? చేతులది ఇసిరేసుడే తప్ప పెట్టుడు తెల్వదు. పెండ్లైన కొత్తల నా తమ్ముడు చేసిచ్చిన తెడ్డును ఇసిరి రెండు ముక్కలు చేసిండు. గసొంటోని చేతికి కార్బన్ ఇస్తరా? నేను సరిగనే ఆలోచించిన. ఇప్పుడడిగినా అల్మీనమే అంట.

ఇగో, గట్ల చూడకు. తీస్కొమ్మన్నది నేనే. నవ్వులాటకు కాదు, నిజంగనే నా మాట ఇన్న అని లింగం నీకు చెప్పలే గద? పెండ్లాం మాట ఇని తీస్కున్న అని ఏ మొగోడు చెప్తడు!

లేవకు, కూసో. అంతే అయితే ఎన్నడో చెప్పేదాన్ని.

అల్మీనం అంటే ఏంది? మనింట్ల సిల్వర్ గిన్నెలే. మామిడికాయ తొక్కు సిల్వర్ గిన్నెల ఎవరన్న పెడ్తరా? ఉప్పు తిని అడుగుకు బొక్కలు పడ్తయ్. అందుకే జాడిల పెడ్తం. ఇది నాకు ఏ పుస్తకం చెప్పలే, మా అవ్వ చెప్పింది. మరి సముద్రం అంటే? ఉప్పే కద! తుపాకి మూతిని గొట్టానికి బిగించే ఉక్కు మొల అల్మీనంల దిగిన కాడ ఉప్పు నీళ్లు ఆగితే ఇంకా జల్ది తింటది. నేను చదివినదాంట్ల గూడ గదే ఉన్నది. సముద్రంల నుంచి తీయంగనే మంచినీళ్లతోని కడగాలె, మూతి విప్పి మొల కాడ గూడ కడగాలె, ఏ దినందా దినం.

మా దిక్కు వల కడుగుతరా ఎవరన్న? నీళ్లల్ల నుంచి తీసి గట్టు మీద ఆరేస్తరు. ఆరితే అయిపాయె. ఆయన పుట్టినసంది జేసింది అదే, అక్కడ జేసింది గూడ అదే. ఎనిమిది నెలలు తుపాకిని తెచ్చి పడవ మీద ఎండకు పెట్టిండు. నీళ్లు పోయినయ్, ఉప్పు మిగిలింది. ఆ పొద్దు పడవ పక్కన నడుం లోతు నీళ్లల్ల నిలబడి, అద్దాలు ఇంకా పెట్టుకోకముందే రొమ్ముకు ఆనిచ్చి రబ్బరు గుంజిండు. ఉప్పు తిన్న కాడ గొట్టం మూతి ఊడి, రబ్బరుతోని గూడి మొఖం మీదికొచ్చింది.

కడగాలె అని మీ స్టోర్ గోడకు కాయితం అతికిచ్చిన్రట. ఇంగ్లీషుల, అరబ్బీల. ఆయన తెలుగే కూడబలుక్కుంట చదువుతడు. ఆయనకు చదివి పెట్టేది నేనే కద అన్నా.

చదివిన. చెప్పలే.

ఎందుకంటవా? నేను చదివింది చెప్పే దినం ఫోన్ స్పీకర్ల పెట్టిండు. పక్కన పదిమంది. "ఇనుండ్రి, మా కలెక్టరమ్మ తీర్పు చెప్తది" అన్నడు. అందరు నవ్విన్రు. నాలుగు దినాలు చదివిన నేను, నవ్విన్రు! నువ్వు గూడ ఉన్నవా ఆడ? ఉన్నవు. నవ్వినవా? సరే తియ్యి, నవ్వేటట్లనే అన్నడు. అల్మీనం తీస్కో అన్న. "జాగ్రత్తలేమన్న ఉన్నయా మేడం?" అని ఎవడో అన్నడు, మళ్ల నవ్వు. ఏం లేవు, గంతే, అని ఫోన్ కట్ చేసిన.

తెల్లారి చెప్తమనుకున్న. తెల్లారి ఆయన అడగలే. అడిగితే చెప్త, బతిమిలాడి అడిగితే చెప్త అనుకుంట వారం గడిచింది, నెల గడిచింది. తర్వాత మర్చిపోయిన. మర్చిపోయిన అని నాకు నేను చెప్పుకుంట గని, ఎండకాలం తొక్కు పెడదామని జాడి కడుగుతుంటే చేతులు ఆగినయ్. ఆయన ఆ తుపాకి తీస్కొని అప్పటికింకా మూడు నెలలే అయింది. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె. తొక్కు కలుపుకున్న.

మా ఇంట్ల నా మాట ఎవ్వలన్న ఇంటరా? అత్త ఇనది, మరిది ఇనడు. ఒక్క మొగోడు ఒక్కసారి ఎదురడగకుంట ఇన్నడు.

ఈ కాయితం మీద నువ్వు సంతకం పెట్టవు. నేను పెట్టనియ్య. నష్టపరిహారం రాకుంటే రాకపాయె, యాస్మీన్ మల్ల పెంకులు ఊడ్వద్దు.

ఆయనకు నువ్వే చెప్పు అంటవు. మంచిగున్నది! రోజు చెప్దామనే లేస్త. పొద్దుగాలనే వచ్చి మందు సీసా నా చేతిల పెడ్తడు. "దీని మీద ఏం రాసున్నదో పూర్తిగ చదువు, ఒక్క అక్షరం ఇడిశిపెట్టకు" అంటడు. ఎక్కిరిస్తడో, నమ్ముతడో, ఆ మొఖంల నాకు తెల్వది. చదువుత. మొత్తం చదువుత. చెప్పాల్సింది మాత్రం చెప్ప, సీసా మూత బిగించి ఇచ్చేస్త.

అందుకే అంటున్న, పోకు. ఇయ్యాల ఆయనొచ్చేదాక ఈడనే కూసో. నువ్వు గడప దాటితే, ఆ కన్ను తీసింది జహూరే అని ఊరోళ్లు అంటుంటే నేను మళ్ల ఇనుకుంట ఊకుంట.