కంబళిలో పట్టిన కీచుమోత

వడ్రంగి ఆ సాయంత్రం టీకొట్టుకి వచ్చింది టీ కోసం కాదు. ఎన్నాళ్లనుంచో మనసుపడి కొనుక్కున్న స్పీకర్లు ఇంట్లో చిచ్చు పెట్టాయి. పాటలో 'స' అక్షరం వచ్చినప్పుడల్లా పాము బుసకొట్టినట్టు ఉంటోంది, తాళాలు మోగితే చెవిలో సూది దిగినట్టు ఉంటోంది. భార్య బడిలో పంతులమ్మ. పొద్దంతా యాభైమంది పిల్లల కేకలు విని వచ్చే మనిషి. "ఆదివారంలోగా వాటి గొంతైనా మార్చు, లేదా వాటికి ఇల్లైనా మార్చు," అని పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

ఈ సంగతి వినగానే బల్లమీద కూర్చున్న మైకు మావయ్య గ్లాసు కింద పెట్టాడు. ఒకప్పుడు సభలకి మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు కాబట్టి ఆ పేరు. మైకులు పోయాయి గానీ గొంతు మిగిలింది. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఎవరూ తొందరగా ఇంటికి వెళ్లరని టీకొట్టు అక్కకి తెలుసు. ఇంకో విడత పాలు పొయ్యిమీద పెట్టింది.

"ఇంతేనా అబ్బాయ్. ట్రెబుల్, అదే ఆ సన్నటి కీచుమోత, ఎక్కువైంది, అంతే. మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఏం చేశాను? రెండు పెట్టెలూ తిన్నగా నా మొహంలోకి చూస్తున్నాయి, వాటిని కొంచెం పక్కకి తిప్పాను. ఎదురుగా బోడిగోడ ఉంటే దానిమీద కంబళి వేలాడదీశాను. సగం కీచుదనం పోయింది."

వడ్రంగి చెవిమీది పెన్సిలు తీసి, జేబులో ఉన్న చెక్కముక్కమీద ఆ రెండూ రాసుకున్నాడు. "మిగతా సగం?" అన్నాడు.

అడక్కూడని మాట అదే.

"మిగతా సగమే అసలు సగం. అది మామూలు ట్రెబుల్ అనుకున్నావా? పాట పెట్టి గడ్డం పెట్టె ముందు ఉంచితే చాలు, నున్నగా గీసేసేది, ఏడాదిపాటు బ్లేడు ముట్టుకోలేదు నేను. మీ అత్తయ్య ఉల్లిపాయలు తెచ్చి స్పీకరు ముందు పెట్టేది, పల్లవి అయ్యేసరికి చక్రాలు, చరణం అయ్యేసరికి సన్నటి తరుగు."

"కళ్లు మండేవి కావా మావయ్యా?" అంది టీకొట్టు అక్క.

"మండించడానికి ఉల్లిపాయకి టైమిస్తేగా. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడమీది కంబళి బరువెక్కింది. రోజూ ట్రెబుల్ తాగీ తాగీ ఉబ్బిపోయి, మేకు వంగిపోయింది. ఇదేంటా అని వీధిలోకి ఈడ్చుకెళ్లి ఒక్క దులుపు దులిపాను. అంతా రాలింది. కుక్కలు వీధి వదిలి పారిపోయాయి, దారిన పోయేవాళ్ల కళ్లజోళ్లన్నీ నిలువునా చీలాయి."

"మా నాన్న కళ్లజోడు పగిలింది అప్పుడేనా," అన్నాడు బస్సు కండక్టరు, నవ్వు మొహంలోకి రానివ్వకుండా.

"ఆ రోజే. మీ నాన్ననే అడుగు, అబద్ధమైతే. మరి అంత సరుకు వీధిలో వదిలేస్తామా? చీపురుతో ఊడ్చి సీసాలకెత్తాను. పదకొండు సీసాలు. మూత బిగించినా లోపల కుయ్‌కుయ్‌మంటూనే ఉండేది. రైల్వేవాళ్లకి ఎలా తెలిసిందో ఏమో, పెద్దాఫీసరు మా గుమ్మంలో నిలబడి, 'అయ్యా, మా ఇంజన్ల కూతలు బొంగురుపోయాయి, మీరే దిక్కు' అన్నాడు. ఇంజన్‌కి ఒక చెంచా చొప్పున పోశాను. ఈసారి రైలు కూసినప్పుడు చెవిపెట్టి వినండి, మధ్యలో మా పాట చరణం వినపడుతుంది. ఇప్పుడు మా ఇంటికి రండి, స్పీకర్లు ఎంత మెత్తగా పాడతాయో. మచ్చికైపోయాయి. ఒక్క కీచు ఉండదు."

వడ్రంగి పెన్సిలు ఎప్పుడో ఆగిపోయింది. చేతిలో చెక్కముక్క వైపు చూసుకున్నాడు. రైలింజన్ దాకా వెళ్లిన కథలో ఈ మొదటి రెండు ముక్కలు మాత్రం నిజమని నమ్మకమేంటి? ఆదివారం చూస్తే ఎల్లుండే.

మూల బెంచీమీద ఇదంతా వింటూ కూర్చున్న రేడియో రిపేరాయన, చివరి బిస్కెట్టు తినేసి చేతులు దులుపుకున్నాడు.

"కీచు ఉండదు, నిజమే. మొన్న మీ స్పీకర్లు నా కొట్టుకి తెచ్చినప్పుడు విప్పి చూపించాను కదా మావయ్యా. రెండు పెట్టెల్లోనూ పైనుండే చిన్న స్పీకర్లు మాడిపోయాయి. ట్రెబుల్ పలికేవే అవి. మార్చాలన్నాను, తర్వాత చూద్దామని పట్టుకెళ్లిపోయారు."

టీకొట్టు అక్క పాలవైపు తిరిగింది గానీ, భుజాలు కదులుతున్నాయి. కండక్టరు బాహాటంగానే నవ్వేశాడు.

"నేను మచ్చిక చేసిన తీరుకి అవి మాత్రం ఎన్నాళ్లు తట్టుకుంటాయి," అన్నాడు మావయ్య. అన్నాడే గానీ, సభలన్నీ మోగించిన ఆ గొంతు ఈసారి పక్కవాడికి కూడా సరిగ్గా వినపడలేదు.

వడ్రంగి రిపేరాయన పక్కకి జరిగాడు. "మరి ఈ పక్కకి తిప్పడం, కంబళి?"

"అవి పనిచేస్తాయి. ఆయనకి చెప్పింది నేనే. తిన్నగా చెవికి తగిలేది తగ్గుతుంది, గోడమీంచి తిరిగొచ్చేదీ తగ్గుతుంది. అప్పటికీ ఎక్కువనిపిస్తే ట్రెబుల్ మీట కాస్త తగ్గించుకో."

మర్నాడు సాయంత్రం వడ్రంగి స్పీకర్లు రెండూ నాలుగువేళ్లు పక్కకి తిప్పాడు, గోడకి కంబళి బిగించాడు, చిన్న గొంతుతో పాట పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పాట అయిపోయింది. ఆవిడ లేచి తలుపు వేయలేదు. రెండో పాట సగంలో తనే సౌండు కొంచెం పెంచమంది.

"ఎవరు చెప్పారు ఈ ఉపాయం?"

వడ్రంగి రిపేరాయన పేరు చెప్పబోయాడు. అంతలో మావయ్య మొహం కళ్లముందు మెదిలింది. "మైకు మావయ్య," అన్నాడు.

ఆవిడ ఎర్రపెన్ను ఆపి తలెత్తింది. "ఆయన మాట నమ్మావా?"

"మొదటి రెండు ముక్కలు," అన్నాడు వడ్రంగి.