ఏడు తరాల ఫారం

మెదెర్ నోరు విప్పాడంటే చాయ్ కొట్టు ఇస్కెందర్ ఇంకో కెటిల్ పొయ్యి మీద పెట్టేస్తాడు. కథ అయ్యేదాకా ఎవడూ లేవడని ఆయన లెక్క. వాన పడ్డ రోజుకంటే మెదెర్ వచ్చిన రోజే బేరం ఎక్కువ. ఇస్కెందర్ మర్యాద తెలిసినవాడు, గిన్నెలో సగమే పోస్తాడు. నిండా పోశాడంటే ఇక లేచి దయచేయమని అర్థం. ఆ సరస్సు ఒడ్డున పసిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద అనార్‌కాన్ కూర్చుని ఉంది. ముందున్న టీ చల్లారిపోతున్నా పట్టించుకునే స్థితిలో లేదు. కొండ మీద పచ్చిక బయల్లో ఆవిడ నాలుగు ఉన్ని గుడారాలు వేసింది, వేసవిలో ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు దిగడానికి. గుడారాలు మరిదివి. నెలాఖరులోగా ఒక్క అతిథైనా రాకపోతే లారీ తెచ్చి విప్పుకుపోతానని, గొర్రెల కాపర్లకైనా పనికొస్తాయని అన్నాడు. రేపే నెలాఖరు.

గుడారాలకి ఒక వెబ్‌సైటు ఉంది. ఆ వెబ్‌సైటుకి బస అడిగే ఫారం తగిలించింది మెదెర్. ఎవరైనా నింపి పంపితే నీ ఫోన్ టింగుమంటుంది అక్కా అని వసంతంలోనే చెప్పాడు. ఇప్పటిదాకా టింగుమనలేదు. ఆవిడ ఆ ఫారం ఎప్పుడూ తెరిచి చూసుకోలేదు. ఎవరింటి తలుపు వాళ్లే తట్టుకుంటారా?

"తమ్ముడూ, ఈ ఏడు ఒక్కళ్లూ రాలేదు. నీ ఫారం పని చేస్తోందా?" అని అడిగింది.

అడిగిన తీరులో కోపం లేదు. అదే ఆవిడ చేసిన పొరపాటు. మెదెర్‌కి కోపం కనపడకపోతే అది ఆహ్వానం కిందే లెక్క. టోపీ వెనక్కి నెట్టుకుని కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"పని చేస్తోందా అంటావేంటక్కా. అసలు అది ఎలా కట్టానో తెలిస్తే ఆ మాట అనవు. ఇంటర్నెట్‌లో ఫారాలు కట్టిపెట్టే దుకాణం ఉంటుంది. ఎడమ పక్క పెట్టెలుంటాయి, పేరుకొకటి, తేదీకొకటి, ఫోన్ నంబరుకొకటి. వేలితో పట్టుకుని కుడి పక్కకి లాగి పడెయ్యడమే. చివర్లో వాళ్లే నాలుగు ముక్కల కోడ్ ఇస్తారు, దాన్ని తెచ్చి మన వెబ్‌సైటులో అతికిస్తే అయిపోయింది. టీ చల్లారేలోపు పని."

"అంతేనా? మా కోడలు కూడా చేస్తుందే," అన్నాడు ఎసెన్‌కుల్ తాత. ఊళ్లో అందరికంటే పెద్ద ఆయన. ఎవరి వంశం ఎక్కడ మొదలైందో, ఎవరి పొట్టేలు ఎక్కడ తప్పిపోయిందో ఆయన్నే అడగాలి.

ఆ మాటతో మెదెర్‌కి గేరు మారింది.

"మీ కోడలు చేస్తే చేసుండొచ్చు తాతా, కానీ నా వేగం చూసి ఆ దుకాణానికే అనుమానం వచ్చింది. నువ్వు మనిషివేనా అని అడిగింది. కాసిని బొమ్మలు చూపించి, గొర్రెలున్నవి నొక్కమంది. నేను నొక్కి ఊరుకున్నానా? చెవి మీద కోత చూసి ఏ గొర్రె ఎవరి మందదో కూడా రాసి పంపా."

"తప్పిపోయిన నా పొట్టేలు కనపడిందా అందులో?"

"కనపడింది తాతా. కాస్త ఒళ్లు చేసింది."

అరుగంతా నవ్వారు. చివర్న కూర్చున్న ఇద్దరు మాత్రం నవ్వలేదు, వాళ్లకి భాష రాదు. ఎక్కడో దూరదేశపు జంట. సైకిళ్లు గోడకి ఆనించి, ఒకే ఫోన్ మీదకి తలలు వంచి, ఇందాకట్నుంచి ఏదో నొక్కుతున్నారు, నిట్టూరుస్తున్నారు, మళ్లీ నొక్కుతున్నారు. వాళ్లని ఎవరూ పట్టించుకోలేదు. మెదెర్ మాట్లాడుతుంటే నిప్పంటుకున్నా ఎవరూ పట్టించుకోరు.

"ఇంకా విను. ఈ జవాబొస్తే ఆ ప్రశ్న, ఆ జవాబొస్తే ఇంకో ప్రశ్న వచ్చేలా పెట్టా. గురక పెడతారా అని అడుగుతుంది. పెడతానంటే వాగు అవతలి గుడారం. పెట్టనంటే, మీ ఆవిడని అడిగి రండి అంటుంది. ఇక మన మర్యాద వదులుకుంటామా? నింపకుండా మధ్యలో పోబోతే, అప్పుడే వెళ్తారా, ఇంకో గిన్నె తాగండి అంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం అవతల ఒక పెద్దమనిషి దాని మాట తీసెయ్యలేక తాగుతూ కూర్చున్నాడు. మూడో రోజు వాళ్ల ఊళ్లో టీ ఆకు అయిపోయింది. పక్క ఊరివాళ్లు చందాలు వేసుకుని పంపారు."

"పాపం," అన్నాడు ఇస్కెందర్, సగం గిన్నె పోస్తూ. "మా కొట్టుకి దారి చెప్పకపోయావా."

"చెప్పేవాణ్ణే, ఖాళీ ఏదీ? ఫారాలు అలా వచ్చి పడుతున్నాయి. మొదటి రోజు వంద, రెండో రోజు పదివేలు, మూడో రోజుకి లెక్కపెట్టే యంత్రం సెలవు పెట్టింది. కనుమ మీద టవరుందే, వేడెక్కి దాని చుట్టూ మంచు కరిగిపోయింది. వెచ్చగా ఉందని ఆడగుర్రాలన్నీ వెళ్లి దానికి ఆనుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాలు పొదుగులోనే పులిశాయి. పితికితే నురగతో సహా మత్తెక్కించే తయారు సరుకు."

ఎసెన్‌కుల్ తాత తల పంకించాడు. "అదన్నమాట సంగతి. ఈ ఏడు గుర్రప్పిల్లలన్నీ అడ్డదిడ్డంగా నడుస్తుంటే కాళ్ల జబ్బనుకున్నా."

అనార్‌కాన్ కూడా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. నాలుగు గుడారాల్లో పరుపులు పరిచి ఉన్నాయి, రోజూ దులుపుతోంది, ఎవరూ పడుకోని పరుపుల మీద అంత దుమ్ము ఎక్కడిదో.

"మరి ఆ వేలమంది ఏరీ తమ్ముడూ?"

"దారిలో ఉన్నారక్కా. అంతమంది ఒక్కసారి బయల్దేరితే రోడ్డు పట్టొద్దూ?" మెదెర్ గొంతు తగ్గించాడు. "అయినా అడ్డమైనవాళ్లంతా నీ గుడారంలో దిగకూడదు కదా. అందుకే అసలు కిటుకు పెట్టా. పేరడిగాక ఏడు గడులు. ఏడు తరాలు. తండ్రి, తాత, ముత్తాత, అలా ఏడో ఆయన దాకా. వంశం తెలియనివాణ్ణి మన కప్పు కింద పడుకోబెడతామా?"

అరుగు మీద ఒకరిద్దరు మెచ్చుకోలుగా గొణిగారు. ఏడు తరాల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పలేనివాడు మనిషే కాడని అక్కడ ఉగ్గుపాలతో నేర్పుతారు.

"ఆ గడుల మహిమ చెప్తా విను. ఒక జంట, రేపో మాపో పెళ్లి, ఇద్దరూ వేర్వేరుగా నా ఫారం నింపారు. చూస్తే ఏముంది, ఇద్దరికీ ఐదో తాత ఒకడే. ఏడు తరాలలోపు పెళ్లి మనలో ఒప్పుతారా? ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విందుకని కోసిన గొర్రె లేచి, తోలు భుజాన వేసుకుని మందలోకి పోయింది."

"గడి నింపకపోతే?" అంది అనార్‌కాన్.

"గొర్రె సంగతి..."

"గొర్రె సంగతి కాదు. ఆ ఏడింట్లో ఒకటి ఖాళీగా వదిలేస్తే?"

"వదిలేస్తే కదులుతుందా? ఏడింటికీ ఎర్ర చుక్క పెట్టా. తప్పనిసరి అన్నమాట. సాక్షాత్తూ ముత్తాత దిగొచ్చినా పంపలేడు."

ఆవిడకి కిందటేడు గుడారంలో దిగిన ఒక పొడుగాటి మనిషి గుర్తొచ్చాడు. మాటల్లో తాత పేరడిగితే బుర్ర గోక్కుని, మా అమ్మకి ఫోన్ చేసి చెప్తానన్నాడు. మంచివాడు. వెళ్లేటప్పుడు గుడారం ఊడ్చి మరీ వెళ్లాడు.

ఫోన్ తీసి ఫారం తెరిచి మెదెర్ ఒళ్లో పెట్టింది.

"తమ్ముడూ, ఈ రాత్రికి నువ్వే నా అతిథివి. నింపు."

మెదెర్ హుషారుగా అందుకున్నాడు. పేరు. ఒక రాత్రి. గురక లేదు. తండ్రి తెమిర్. తాత బకాస్. ముత్తాత ఒరోజ్. ఆ పైన సాతార్. ఆ పైన వేలు గాల్లో ఆగింది. సరస్సు వైపు చూశాడు, కెటిల్ వైపు చూశాడు, ఏదో ఒక పేరు కొట్టబోయాడు. ఎసెన్‌కుల్ తాత నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. వేలు మళ్లీ పైకి లేచింది.

ఖాళీగానే పంపుదామని నొక్కాడు. ఈ గడి తప్పనిసరి అని ఎర్రగా వచ్చింది. బయటికి పోబోయాడు. అప్పుడే వెళ్తారా, ఇంకో గిన్నె తాగండి అంది ఫారం.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. అదే మెదెర్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

"ఐదో ఆయన పేరు జపార్," అన్నాడు తాత చివరికి. "మా తాత చెప్పేవాడు. నక్క తోకకి దీపం కట్టి రాత్రిపూట పొలం దున్నానని సంతలో చెప్పుకునేవాడట. వంశం పేరు నిలబెట్టావులే."

"చుక్కలు తీసెయ్యి," అంది అనార్‌కాన్.

మెదెర్ తల ఎత్తకుండా తన ఫోన్‌లో ఆ దుకాణం తెరిచాడు. గడి గడికీ ఒక చిన్న మీట. ఏడూ ఆపేశాడు. నిజంగానే టీ చల్లారేలోపు పని. తన వేగం గురించి అతను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

కాసేపటికి అరుగు చివరి జంటలో అమ్మాయి విసుగ్గా పేజీ మళ్లీ తెరిచింది, ఏదో నొక్కింది, పెద్దగా ఊపిరి వదిలి పక్కవాడి భుజం తట్టింది.

అనార్‌కాన్ ఫోన్ టింగుమంది.

ఇద్దరు మనుషులు, మూడు రాత్రులు. తండ్రి గడిలో పేరు, తాత గడిలో పేరు, మిగతావి ఖాళీ. ఆవిడ ఫోన్ చూసింది, సైకిళ్లు చూసింది, ఆ అమ్మాయిని చూసింది. లేచి వెళ్లి తెరని వాళ్ల ముందు పెట్టి, కొండ వైపు చెయ్యి చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకుంది. అంతకంటే భాష అక్కర్లేకపోయింది. వాళ్లు సంచులు సర్దుకుంటుంటే ఆవిడ మరిదికి ఫోన్ చేసింది. "లారీ వద్దు. వీలైతే ఒక గొర్రెని పంపు."

"చూశావా మెదెర్," అన్నాడు ఎసెన్‌కుల్ తాత ఓదార్పుగా. "వాళ్లకి రెండు తరాలే వచ్చు, నీకు నాలుగొచ్చు. ఎటు చూసినా నువ్వే గొప్ప."

ఆ మాటకి మెదెర్‌కి మళ్లీ ఊపిరాడింది. టోపీ సర్దుకున్నాడు.

"అసలు ఆ జపార్ తాత నక్క ఉంది చూశారూ, ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

ఇస్కెందర్ కెటిల్ వంచాడు. అంచు దాకా, ఇంకో చుక్క కూడా పట్టనంతగా, గిన్నె నిండా పోశాడు.